తమ్ముడి టై మీద నా కన్ను

మొన్న ఎండలు ముదిరిన రోజుల్లో, భోజనాలు ముగించి కాస్త నడుం వాలుద్దామనుకుంటుండగా జగిత్యాలలో మా అబ్బాయి ఇంటి గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఇద్దరు ఆడపిల్లలు తలమీద చున్నీలు కప్పుకుని, చేతుల్లో రంగురంగుల కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "అమ్మా, మీ ఇంట్ల సదువుకునే పిల్లలున్నరా?" అని అడిగింది వారిలో చిన్నది. ఇద్దరూ ఏదో ప్రైవేటు బడిలో టీచర్లట. వేసవి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించాలట, చేర్పించలేకపోతే యాజమాన్యం చేత మాటలు పడాలట. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. మా మనవరాలు ఇప్పటికే వేరే బడికి వెళుతోందని చెబితే పాపం ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. వాళ్ళు పక్కింటి గేటు తట్టడం విని లోపలికి వచ్చి పడుకున్నాను గానీ కన్ను మూతపడలేదు. ఇలాగే ఒక ఎండాకాలం, సిరిసిల్లలో, మా ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ఒక సారు గుర్తుకొచ్చాడు. ఆయన గుర్తుకొస్తే నాకు తమ్ముడు గుర్తుకొస్తాడు, తమ్ముడు గుర్తుకొస్తే కడుపులో మంట మొదలవుతుంది.

మంట అని మాటవరసకు అనడం లేదు. అసూయ అనే మాట నలుగురిలో ఒప్పుకోవడానికి మనవాళ్ళు జంకుతారు, ఎదుటివాళ్ళకే అంటగడతారు. ఇది నా ఈడువాళ్ళు చదువుతారన్న ధైర్యంతో చెబుతున్నాను, నేను నా తోడబుట్టిన తమ్ముణ్ణి చూసి కుళ్ళుకున్నాను. లంగా జాకెట్టు వేసుకునే వయసులో మొదలుపెట్టి, ఆరు పదులకు దగ్గరపడుతున్న ఈ రోజు వరకూ మానలేదు. వాడు మంచివాడు. అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది, వాడు కాస్త చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.

మాది నేతపని చేసుకునే కుటుంబం. బాపు ఇంకొకరి మరమగ్గాల మీద పనిచేసేవాడు, వాటిని మావైపు సాంచెలంటారు. అవ్వ బీడీలు చుట్టేది. బాపంటే నాన్న, అవ్వంటే మాకు అమ్మే, నానమ్మ కాదు. మా వాడలో ఏ ఇంట చూసినా అంతే, మగవాళ్ళు సాంచెల దగ్గర, ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీల దగ్గర. పొద్దున లేస్తే సాంచెల చప్పుడు, బీడీలకు తడిపిన తునికాకు వాసన. ఆ రెండూ లేని ఊరికి వెళితే మాకు చెవి, ముక్కు మూసుకుపోయినట్టుండేది.

నేను చదివింది సర్కారు బడి. అప్పట్లో అందరూ చదివింది అదే. బట్టల సేటు కొడుకు, పక్క ఊరి నుంచి వచ్చి కాపురమున్న దొర మనవరాలు, నాలాంటి బీడీల ఇంటి పిల్ల, అందరం ఒకే గచ్చు మీద వరసగా కూర్చునేవాళ్ళం. దొర మనవరాలికి వెండి పట్టీలుండేవి, నాకు లేవు, అయినా నాకు ఆ పిల్ల మీద ఏ రోజూ అసూయ కలగలేదు. ఎక్కాలు నేను దానికంటే ముందు అప్పజెప్పేదాన్ని గదా, ఇంకేం కావాలి! పెద్దింటి పిల్లలున్నారు కాబట్టి సార్లు వేళకు వచ్చేవారు. దొర అప్పుడప్పుడు బడి ముందు ఆగి, పాఠాలు ఎంతవరకు వచ్చాయని ఆరా తీసి వెళ్ళేవాడు. ఆయన అడిగింది తన మనవరాలి గురించే, కానీ ఆ భయంతో చెప్పిన పాఠం మా అందరి చెవుల్లోనూ పడేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఊళ్ళో కాన్వెంటు పెట్టారు. ఎవరు పెట్టినా, ఎక్కడ పెట్టినా, ఇంగ్లీషు మీడియం బడి అయితే మేం దాన్ని కాన్వెంటే అనేవాళ్ళం. ముందు సేటు పిల్లలు వెళ్ళారు, వాళ్ళ వెనక దొర మనవరాలు, ఆ తర్వాత సాంచెలున్న ఆసాముల పిల్లలు. గచ్చు మీద మా వరసలు పలచబడ్డాయి. లెక్కల సారుకు బదిలీ అయితే ఆయన చోట ఇంకొకరు రాలేదు, ఎందుకు రాలేదని అడిగే దొర ఆ దారినే రావడం మానేశాడు. మా బాపు అడగొచ్చు గదా అంటారేమో. బాపు ఆ బడి గేటు దాటి లోపలికి ఎన్నడూ వెళ్ళలేదు. సార్ల ముందు నిలబడితే ఆయనకు మాట పెగిలేది కాదు.

అయితే కొడుకును కాన్వెంటులో వేయాలన్న ఆశ మాత్రం ఆయనకు పుట్టింది. ఒక్కరి ఫీజు కట్టడమే గగనం, అదీ ఇంట్లో ఇంకో జత చేతులు బీడీలకు కూర్చుంటేనే. ఆ చేతులు నావి. నేను ఐదో తరగతి పాసైన ఎండాకాలం అవ్వ నా ఒళ్ళో కూడా ఒక చాట పెట్టింది. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు, బడి మాన్పిస్తున్నామని చెప్పనూ లేదు. బడి తెరిచే రోజు వచ్చింది, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన తమ్ముడు తయారయ్యాడు, నేను ఆకు కత్తిరిస్తూ చూస్తూ ఉన్నాను.

ఎలా తయారయ్యాడనుకున్నారు! తెల్ల చొక్కా, నీలం నిక్కరు, మెడకు ఎలాస్టిక్‌తో తగిలించే ఎర్ర టై. ఆ టైని అవ్వ రోజూ తడిగుడ్డతో తుడిచి దేవుడి పటం పక్కన మేకుకు తగిలించేది. బూట్లకు పాలిష్ కొనలేక బాపు సాంచెలకు వేసే నూనెతో వాటిని నిగనిగలాడేట్టు రుద్దేవాడు. వాడు వీధి మలుపు తిరిగేలోగా దారిలోని దుమ్మంతా వాటికి అతుక్కుని, సాయంత్రానికి అవి బూట్లో మట్టిపెళ్ళలో తెలిసేది కాదు. బాపు మర్నాడు మళ్ళీ అదే నూనె రుద్దేవాడు. నాకు లోలోపల ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. ఆ టైకి కూడా ఏమైనా అంటుకుంటే బాగుండునని కోరుకునేదాన్ని. నా వేళ్ళు చుట్టిన బీడీలే వాడి మెడలో టై అయ్యాయన్న సంగతి నాకు బాగా తెలుసు మరి.

పుస్తకాలు ముట్టుకోనిచ్చేవారు కాదు. మా చేతులకు ఎప్పుడూ పొగాకు అంటి ఉండేది, ముట్టుకుంటే మరకలు పడతాయని, కాన్వెంటు వాళ్ళు వాడిని కోప్పడతారని అవ్వ వాటిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేది. సాయంత్రం తమ్ముడొక్కడే వాటిని దించుకునేవాడు. అవ్వకు అక్షరం రాదు. పిల్లవాడు చదువుతున్నాడో లేదో ఆమెకు తెలిసే దారి ఒక్కటే, చెవి. అందుకని మేం బీడీలు చుట్టే వాకిట్లోనే వాణ్ణి కూర్చోబెట్టి, "గట్టిగ సదువురా, నాకినబడాలె" అనేది. గొంతు తగ్గిందంటే వాడు చదువు ఎగ్గొట్టాడని లెక్క. పక్కిళ్ళ ఆడవాళ్ళు కూడా చాటలు తెచ్చుకుని మా వాకిట్లోనే చేరేవాళ్ళు, వాడి గొంతు వీధి చివరికి వినబడుతుంటే, పిల్లగాడికి చదువు బాగా వస్తున్నదని మెచ్చుకునేవాళ్ళు. వాడు పాపం అర్థం తెలియకపోయినా అరవడం మాత్రం నేర్చుకున్నాడు.

నేనూ నేర్చుకున్నాను. చేతులు ఆకును చుడుతుండేవి, దారం కడుతుండేవి, చెవులు మాత్రం ఖాళీయే గదా. వాడు అరిచిన ప్రతి ముక్కా నాలోకి దిగేది. "దిస్ ఈజ్ మై స్కూల్, మై స్కూల్ ఈజ్ బిగ్" అని వాడు మొదలుపెడితే తర్వాతి మాట వాడికంటే ముందు నా నోట్లోకి వచ్చేది. ఎక్కడైనా తడబడితే నేను అందించేదాన్ని. అవ్వ నవ్వి, దీనికెట్ల వచ్చిందే అని పక్కింటావిడతో అనేది. అప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండేదో. వాడి పుస్తకమంతా నాకు వచ్చేసిందనే అనుకున్నాను. ఇంగ్లీషు వచ్చేసిందనే అనుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక బాపును అడిగేశాను, నన్నూ కాన్వెంటుకు పంపమని. ఆయన "సారు ఒప్పుకుంటె నాదేం పోతది బిడ్డా" అన్నాడు. తప్పించుకోవడానికి అన్న మాటని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేను దాన్ని వరం అనుకున్నాను. సంవత్సరం పొడవునా ఆ సారు కోసం ఎదురుచూశాను. ఎందుకంటే కాన్వెంటు సార్లు ఎండాకాలంలో వాడవాడలా తిరిగి పిల్లల్ని చేర్చుకుంటారని, ఇప్పటికే ఒక పిల్లవాడున్న ఇంటికి తప్పకుండా వస్తారని అందరికీ తెలుసు.

వచ్చాడు. కరెంటు పోయి సాంచెలు ఆగిపోవడంతో బాపు కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. తెల్లటి చొక్కా, చంకలో సంచి, గుమ్మంలో నిలబడి తమ్ముడి తల నిమిరి, ఇంకెవరైనా పిల్లలున్నారా అని అడిగాడు సారు. నేను చాట పక్కన పెట్టి, చేతులు లంగాకు తుడుచుకుని లేచి నిలబడ్డాను. ఎవరూ అడగకుండానే పాఠం మొదలుపెట్టాను. వాకిట్లో ఆడవాళ్ళంతా బీడీలు ఆపి నోళ్ళు తెరిచి చూశారు. నేను ఒక పాఠం అయ్యాక ఇంకోటి, ఎక్కడా ఆగకుండా, తమ్ముడు ఏ గొంతుతో చదివేవాడో అంతకంటే పెద్ద గొంతుతో అప్పజెప్పాను. సారు మొహం విచ్చుకుంది. ఈ అమ్మాయిని నేరుగా ఐదో తరగతిలో కూర్చోబెడతానన్నాడు, రెండో బిడ్డ కాబట్టి సగం ఫీజే తీసుకుంటామన్నాడు. బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ తల ఊపిందని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. ఆ క్షణంలో నేను తమ్ముడి పక్కన, ఎర్ర టైతో, ఆ వీధి మలుపు తిరిగిపోతున్నాను.

అప్పుడు సారు, ఏదీ పుస్తకం తెమ్మన్నాడు. తమ్ముడు అటక ఎక్కి తెచ్చాడు. సారు మధ్యలో ఎక్కడో తెరిచి, ఇది చదువమ్మా అని నా చేతిలో పెట్టాడు. ఆ పుస్తకం నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. నున్నగా ఉంది. పేజీలో బొమ్మ కూడా లేదు. సర్కారు బడిలో ఇంగ్లీషు అక్షరాలు ఆరో తరగతిలో గానీ మొదలుపెట్టేవారు కాదు, నేను ఆ గుమ్మం దాకా వెళ్ళలేదు. అయినా నాకు భయం వేయలేదు, ఎందుకంటే పుస్తకమంతా వచ్చుననే నా ధైర్యం. మొదటి వరస మీద వేలు పెట్టి, "దిస్ ఈజ్ మై స్కూల్" అని మొదలుపెట్టి, వేలు జరుపుకుంటూ చదివాను. పక్కన నిలబడి చూస్తున్న తమ్ముడు, అక్కకు సాయం చేద్దామనే పాపం, "అక్కా, గది గాదే, గిది ఆవు పాఠం" అన్నాడు.

సారు నవ్వలేదు. ఆయన మంచివాడే. పుస్తకం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, బాపుతో, "పిల్లకు అక్షరాలు రావయ్యా. ఒకటో తరగతిల కూసోబెట్టాలె. గింత పెద్ద పిల్లను పసిపోరగాండ్ల నడుమ ఎట్ల కూసోబెడుదు?" అన్నాడు. అవ్వకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చాట కింద పెట్టి లేచి నిలబడింది. "అగో, గదేంది సారూ! నా బిడ్డ గట్టిగనే సదివింది గద! మా పిలగానికన్న గట్టిగ సదివింది!" అని ఆయనతో వాదనకు దిగింది. ఆమెకు తెలిసిన చదువు అదే. ఆయన సంచి సర్దుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు. కరెంటు వచ్చింది, బాపు సాంచెలకు వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ కూర్చుని ఆకు అందుకున్నాను. తమ్ముడు పుస్తకాన్ని గుడ్డలో చుడుతుంటే వాణ్ణి చూసిన చూపు నాకే గుర్తుంది, వాడు మరచిపోయి ఉంటాడు.

ఆ పాత సర్కారు బడిలోనైతే, వయసుకు మించిన పిల్లలు ఎందరో ఏ తరగతిలో పడితే ఆ తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దుకునేవారు, ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఈ మాట మీలో చాలామందికి తెలుసు. కొత్త బడికి పిల్లలు కావాలి, కానీ తయారుగా ఉన్న పిల్లలు కావాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అక్కడ కూర్చునే చోటు లేదు.

తమ్ముడి భోగం కూడా ఎక్కువకాలం సాగలేదు. వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా బాపు పనిచేసే సాంచెలు మూతపడ్డాయి. ఫీజు ఆగింది, వాణ్ణి తరగతి బయట వరండాలో నిలబెట్టడం మొదలుపెట్టారు. రెండోసారి అలా జరిగినప్పుడు, సార్ల ముందు నోరు పెగలని మా బాపు ఆ కాన్వెంటుకు వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకుండా కొడుకు చేయి పట్టుకుని తీసుకొచ్చేశాడు. ఆ సాయంత్రం మేకుకు టై లేదు. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం హాయిగా అనిపించింది. అన్నం రెండుసార్లు పెట్టించుకు తిన్నాను. వాణ్ణి సర్కారు హైస్కూల్లో తెలుగు మీడియంలో వేశారు. కిరణజన్య సంయోగక్రియ అంటే వాడు తెల్లమొహం వేసేవాడు. ఇంగ్లీషులో అర్థం కానిది తెలుగులోనూ అర్థం కాలేదు. పదో తరగతి తప్పాడు, మళ్ళీ రాయలేదు, సాంచెల మీదికి వెళ్ళాడు. నా హాయి మాత్రం అంతకు ముందే, ఎప్పుడో చప్పగా అయిపోయింది.

నన్ను కోరుట్లకు ఇచ్చారు. మా ఆయన దర్జీ, నా చేతుల్లో మాత్రం అవే బీడీలు. ఆయన కుట్టు మిషన్ పక్కన పాత వారపత్రికలు పడి ఉండేవి, అవి చదివీ చదివీ నాకు ఇంత తెలుగు రాయడం వచ్చింది. పిల్లలు పుట్టాక, కొడుకునూ బిడ్డనూ ఇద్దరినీ సర్కారు బడికే పంపాను. ఒకరి ఫీజు కోసం ఇంకొకరి ఒళ్ళో చాట పెట్టనని పంతం. వీధిలో పిల్లలంతా బస్సులెక్కి వెళ్ళిపోతుంటే మా పిల్లలిద్దరూ నడిచి వెళ్ళేవారు. మా అబ్బాయి ఇప్పటికీ, ఇంగ్లీషు రాకే నాకు మంచి ఉద్యోగం రాలేదమ్మా అని దెప్పుతాడు. వాడికి వాడి స్నేహితుల మీద ఉన్న మంట నాకు తెలియనిదా? అందుకే మనవరాలి ఫీజు గురించి నేను నోరెత్తను.

మా అబ్బాయి ఆరో తరగతిలో చేరినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వాడితోపాటు కూర్చుని నేనూ నేర్చుకున్నాను. పలక మీద నేనే రాసుకుని, నేనే చదువుకుని, ఒక్కో మాటకూ అర్థం వాణ్ణి అడిగేదాన్ని. మై అంటే నా అట. స్కూల్ అంటే తెలిసిందే. దిస్ ఈజ్ మై స్కూల్, ఇది నా బడి. ఆ రోజు ఆ సారు ముందు, అంత మందిలో, అంత పెద్ద గొంతుతో నేను చెప్పిన మాట అదన్నమాట. పలక పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. అమ్మా ఏమైందని వాడు అడుగుతూనే ఉన్నాడు.

ఈమధ్య వేములవాడ మొక్కు తీర్చుకుని, అక్కడి నుంచి సిరిసిల్లలో తమ్ముడి ఇంటికి వెళ్ళాను. జుట్టు నెరిసింది వాడికి, సాంచెల చప్పుడుకు ఒక చెవి సరిగ్గా వినబడదు. చాయ్ తాగుతూ పాత సంగతుల్లో పడ్డాం. ఉన్నట్టుండి వాడు, "నిన్ను జూస్తె నాకు మస్తు మంటుండె అక్కా" అన్నాడు. నేను కప్పు కింద పెట్టేశాను. తెలుగులో ఒక్క మాట మాట్లాడినా ఆ కాన్వెంటులో అరచేతుల మీద కొట్టేవారట. వాడికి పాఠం ఒక్కటీ తలకెక్కేది కాదట. ఇంటికొస్తే, నేను ఒక్కసారి విని గడగడా చెప్పేస్తుంటే, ఈ బుర్ర నాకుంటే దెబ్బలు తప్పేవి గదా అని కుళ్ళుకునేవాడట. అవ్వ పక్కన చాట పెట్టుకుని కబుర్లు వింటూ కూర్చునే అదృష్టం అక్కదేనని కూడా అనుకునేవాడట. "నాకచ్చినయి దెబ్బలు, నీకచ్చింది సదువు" అని నవ్వాడు.

ఇంతకాలం వాణ్ణి చూసి నేను, నన్ను చూసి వాడు. మా ఇద్దరి చదువూ గాలికి పోయింది, మేం మాత్రం ఒకరి మీద ఒకరం కళ్ళలో నిప్పులు పోసుకున్నాం. మా గచ్చు మీద నుంచి మొదట లేచి వెళ్ళిపోయిన సేటు పిల్లల మీద గానీ, దొర మనవరాలి మీద గానీ ఇద్దరికీ ఎన్నడూ మంట రాలేదు. వాళ్ళు మా కంటికి కనబడనంత దూరం వెళ్ళిపోయారు గదా. అందరం ఒక్క చోట కూర్చున్నన్నాళ్ళూ ఎక్కాలు ఎవరు ముందు చెబుతారన్నదే మా మధ్య పోటీ. ఇప్పుడు ఏ ఫీజుకు తగ్గ బడి ఆ ఫీజుకు ఉంది, ఒకే వీధి పిల్లలు ఒకరి పాఠం ఒకరు ఎరగరు, ఒకే ఇంటి పిల్లలు కూడా. మా రోజుల్లో ఒక్క కాన్వెంటు మా ఒక్క ఇంట్లో పెట్టిన ఈ చిచ్చు ఇప్పుడు ఎన్ని ఇళ్ళలో ఉందో.

తమ్ముడు అరచేతులు చాపి, ఇక్కడే కొట్టేవారు అని చూపిస్తుంటే అయ్యో అన్నాను, వాడి చేయి పట్టుకున్నాను కూడా. లోపల మాత్రం, ఆ దెబ్బలు బడిలో కూర్చునే తిన్నావు గదరా అనిపించింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని జగిత్యాల బస్సులో దారి పొడవునా నన్ను నేను తిట్టుకున్నాను గానీ, ఆ మాట నా లోపలి నుంచి ఇంకా పోలేదు.